ఎదురింటి అరుగు మీంచి

మా వీధిలో ఎవరి ఇంటి ముందుభాగం వాళ్లది కాదు, ఎదురింటివాళ్లది. కోడలిగా వచ్చిన కొత్తలో ఈ మాట విని నవ్వాను. ఇల్లు కట్టుకున్నది మనం, అలుక్కునేది మనం, వానకి కారితే గిన్నెలు పెట్టుకునేది మనం, పెత్తనం మాత్రం ఎదురింటివాళ్లదా అని మా ఆయన్ని అడిగాను.

"నీ ఇంటి మొకం నువ్వెప్పుడైనా సూస్తావేటి? నువ్వు లోపలుంటావు. పొద్దస్తమానం సూసేది ఆల్లు," అన్నాడు.

జవాబు దొరక్కపోతే నాకు కోపం వస్తుంది. ఆ పూట కూర మాడింది.

ఇప్పుడు ఆ మాట పట్టుకునే నా ఉద్యోగంలో సగం గొడవలు నడుస్తున్నాయి. నేను గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటుని. కాలవలు, సిమెంటు రోడ్లు, బడి మరుగుదొడ్లు చూసుకోవడం నా పని. అరకు వచ్చే జనానికి మట్టిగోడల ఇళ్లు, నాటు పెంకుల కప్పులు చూడాలని మోజు పుట్టాక పాత వీధుల్ని కాపాడే పథకం ఒకటి వచ్చింది. అందులో మా వీధిని చేర్చారు. పథకం వాళ్లు పగిలిన పెంకులు మారుస్తారు, పుచ్చిన వాసాలు తీసి కొత్తవి వేస్తారు. బదులుగా, వీధిలోంచి కనిపించేది ఏదైనా సరే కమిటీ చూడకుండా మార్చకూడదు. కమిటీ అంటే వీధిలో పెద్దవాళ్లు, వాళ్ల మాటని కాగితం మీద పెట్టడానికి నేను. ఇంటి కోడలే ఇంజినీరు కదా అని ఆ పని నాకు అంటగట్టారు. వద్దనలేదు నేను కూడా. పది మందికీ వంకలు పెట్టే అవకాశం వస్తే ఎవరు వదులుకుంటారు?

కమిటీ పద్ధతి నేను పెట్టింది కాదు, వీధికి ఎప్పటినుంచో ఉన్నదే. ఇంటికి ఏదైనా మార్పు చేసుకోవాలనుకున్న మనిషి ముందు ఎదురింటికి వెళ్లి, వాళ్ల అరుగు మీద కూర్చుని, వాళ్లతో కలిసి తన ఇంటిని చూడాలి. టీ తాగుతారు. ఆకు వక్క నములుతారు. "ఇప్పుడు సెప్పు, ఏటి సేత్తావు?" అని ఎదురింటివాళ్లు అడుగుతారు. సగం మంది అక్కడే వెనక్కి తగ్గుతారు. వీధి ఎగువనున్న ఒకాయన గోడకి బాత్రూము టైల్సు అంటిస్తానని పెట్టెలు కూడా దింపించుకున్నాడు. ఎదురరుగు మీద కూర్చుని కాసేపు తన ఇంటివంక చూసి, "నిజమే, స్నానాలగదిలా ఉంటాది," అని తనే లేచిపోయాడు. ఆ టైల్సు ఇప్పుడు లోపల, ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఇంకొకాయన ఇంటిగోడకి ఫోను కంపెనీ వాళ్లు ఊరికే రంగు వేస్తామన్నారు. ఊరికే వస్తుందంటే ఆయన దేనికైనా సిద్ధమే. అతన్ని మటుకు నేనే నోటికొచ్చినట్టు తిట్టి ఆపాను. అప్పట్నుంచి నాకు వీధిలో ఒక పేరుంది. ఇంజినీరమ్మ వస్తోందంటే ఆరేసిన దుప్పట్లు కూడా సర్దుకుంటారని మా ఆయన ఎగతాళి చేస్తాడు.

మా వీధి ఎలా ఉంటుందో చెప్పాలి. రెండు వరసల ఇళ్లు, ఎదురుబొదురుగా. ఒక్కో వరసకి మొదట్నుంచి చివరిదాకా ఒకటే కప్పు, ఒకటే వెన్నుదూలం. కప్పు కింద పక్కపక్కనే కాపురాలు. వాటన్నిటి ముందూ పొడుగునా ఒకటే అరుగు. వీధి కొండవాలులో ఉంది కనక పైకొసన అరుగు నేలకి సమానంగా ఉంటుంది. దిగువకి వచ్చేకొద్దీ నేల పల్లమవుతుంది గానీ అరుగు అదే మట్టాన వస్తుంది. దిగువ చివరిల్లు మాది. మా ముందు అరుగు నా నడుమెత్తు ఉంటుంది. ఎక్కాలంటే రాతిమెట్లు. నిటారుగా, ఒకదానికొకటి పొంతన లేని ఎత్తులతో, నాలాంటి ఇంజినీరు చూస్తే బిల్లు ఆపేసేలాంటి మెట్లు.

మా అత్త ఆ మెట్ల మీద కళ్లు మూసుకుని ఎక్కి దిగేది. నెత్తిన కట్టెలమోపుతో దిగేది. నోట్లో చుట్ట, చంకలో కోడి ఉన్నా దిగేది. పొద్దున్న లేచి వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక చుట్టు తిరిగి, ఎవరింట్లో ఏం వండుతున్నారో, ఎవరికి జ్వరమో, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో అన్నీ తెలుసుకొచ్చి నాకు చెప్పేది. నేను ఆఫీసుకి తయారవుతూ వినేదాన్ని. సచివాలయంలో నాకున్న మంచిపేరులో సగం ఆవిడ తెచ్చిన కబుర్ల పుణ్యమే. ఎవరింటికి ఎప్పుడు వెళ్లాలో, ఎప్పుడు వెళ్లకూడదో నాకు ముందే తెలిసిపోయేది. ఈ సంగతి ఆవిడతో ఎప్పుడూ అనలేదు, అంటే నెత్తికెక్కుతుందని. ఇక్కడ రాసుకుంటున్నాను.

వానలు వెనకబట్టాక, పండగ ముందు గోడలు అలకాలి. వాగు గట్టు నుంచి తెచ్చిన ఎర్రమట్టి, పేడ కలిపి చేత్తోనే మెత్తి, తడి ఆరకముందే వేళ్లతో వంకరగీతలు లాగుతారు. ఆ గీతల్ని చూసి ఏ ఇల్లు ఎవరు అలికారో చెప్పగలిగిన ఆడవాళ్లు మా వీధిలో ఉన్నారు. అత్త పీట వేసుకుని పైభాగం అలుకుతోంది. పీట జారింది. అరుగు మీద పడ్డా బాగుండేది, అరుగు మీంచి వీధిలో పడింది. తుంటి విరిగింది. విశాఖలో ఆపరేషన్ చేశారు. డాక్టర్లు దేవుళ్లలాంటివాళ్లు, మంచి మాట చెప్పి, వాకర్ చేతికిచ్చి పంపారు. మెట్లు మాత్రం వద్దన్నారు.

మెట్లు లేకుండా మా ఇంట్లోంచి బయటపడటం ఎలా? ఎత్తుకుని దింపాలి. అత్తకి అది చావుతో సమానం. కొండమీది ఊళ్ల నుంచి జబ్బు మనుషుల్ని డోలీ కట్టి మోసుకురావడం చిన్నప్పట్నుంచి చూసిన మనిషి. "మోసుకెల్లిన మనుసులు మరి నడిసి రార్రా, నన్ను మొయ్యకండి," అని మా ఆయన చేతులు విదిలించేసేది. అందుకని ఇంట్లోనే ఉండిపోయింది. మొదట్లో జనం వచ్చి కూర్చున్నారు. తర్వాత కాఫీ పళ్లు కోసే రోజులొచ్చాయి. తెల్లారేసరికి వీధంతా కొండమీదే. అత్త గుమ్మంలో కూర్చుని ఖాళీ వీధిని చూసేది. కొన్నాళ్లకి చూడటం కూడా తగ్గింది. నేను ఇంటికి రాగానే వీధిలో ఏం జరిగిందని అడగడం మానేసింది. నాకు భయం వేసింది అప్పుడే. తిట్టే మనిషి తిట్టడం మానేస్తే ఇల్లు బావురుమంటుంది.

మా మరిది సీలేరులో, కరెంటు ప్రాజెక్టు కాలనీలో ఉంటాడు. మంచివాడు. తల్లంటే ప్రాణం. కింద వరస క్వార్టరు, గుమ్మం దిగితే చదునైన రోడ్డు, దగ్గర్లో ఆసుపత్రి. "వదినా, అమ్మని నేను తీసుకెళ్తాను. అక్కడైతే వాకర్ పట్టుకుని తిరుగుతుంది. మీ ఇద్దరూ బయటికెళ్తే ఒక్కతీ ఆ గుమ్మంలో ఎన్నాళ్లుంటుంది?" అని ఫోన్ చేశాడు. తప్పు పట్టడానికి ఒక్క మాట లేదు అందులో. ఫోను అత్తకిచ్చాను. విని, "నీ ఇష్టం," అంది.

అత్త నోటి నుంచి ఆ మాట అంతకు ముందెప్పుడూ వినలేదు. ఎవరి ఇష్టాన్నీ వాళ్లకి వదిలేసిన మనిషి కాదు. వచ్చే ఆదివారానికి కారు తెస్తానని మరిది చెప్పాడు. సీలేరంటే ఎంత దూరం, ఎన్ని ఘాట్లు. అక్కడికి వెళితే ఆవిడ ఇక ఈ వీధికి చుట్టంగానే వస్తుంది. అది ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

మా ఆయన మర్నాడే సిమెంటు వాలు కడదామన్నాడు, ఆసుపత్రిలో ఉన్నలాంటిది. నేను కొలతలు వేశాను. నడుమెత్తు అరుగుకి వాకర్ నడిచేంత మెల్లటి వాలు కావాలంటే అది మా గుమ్మం ముందు ఆగదు. పక్కింటి మెట్లని కప్పేసి ఇంకా ముందుకు పోతుంది. మట్టివీధిలో అంత పొడుగు సిమెంటు! ఇదే సంగతి ఇంకెవరైనా నా దగ్గరికి తెచ్చి ఉంటే వాళ్లకి చీవాట్లు పడేవి. అయినా బొమ్మ గీశాను. ఎదురింటికి వెళ్లక తప్పదు.

ఎదురిల్లు తాతది. చుట్టం తాత కాదు, వీధిలో అందరికీ తాతే. పోయిన వానాకాలం అతను తన అరుగు మీద జల్లు పడకుండా నీలం రేకు దించుకుంటానన్నాడు. అతనికి ఎదురిల్లు మేము. అతను వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు, అత్త అతని పక్కన కూర్చుని చూసి, "నీలం రేకు నా కంట్లో గుచ్చుకుంటాది, ఒద్దు," అని తేల్చేసింది. నేను అదే రాసి పెట్టాను. వెదురు తడకలు కట్టుకున్నాడు పాపం, గాలికి అవి టపటపా కొట్టుకుంటుంటే మా ఇంటివైపు చూసి దగ్గేవాడు. అలాంటి మనిషి దగ్గరికి ఇప్పుడు నేను వెళ్లాలి.

తాత అంతా విన్నాడు. "బొమ్మ నాకెందుకు? ఇంటి మనిసి ఒచ్చి కూకోవాల. అడుగుతున్నది మీ అత్త కోసం. ఆవిణ్ణి తీసుకురా," అన్నాడు.

"ఎలగ తెమ్మంటావు తాతా? దిగలేకే కదా ఇదంతా," అన్నాను. నాకు నిజంగా మండింది.

"కుర్సీలో కూకోబెట్టి తెండి. ఒక్కసారికి ఏటవదు. తన ఇల్లు తను సూడకుండా నేనేటి సెప్తాను?"

ఆ మాట అత్తకి చేరవేశాను, తిడుతుందనే ఆశతోనే. తిట్టలేదు. పద్ధతి అంటే పద్ధతే. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. మా ఆయన, ఇంకో ఇద్దరు పట్టుకుని దింపారు. కళ్లు గట్టిగా మూసుకుని, కుర్చీ చేతుల్ని పట్టుకుని, తాత అరుగు మీద దింపేదాకా ఊపిరి బిగబట్టింది. తాత తన దుప్పటి మడిచి ఆవిడ వీపు వెనక పెట్టాడు. అప్పుడు ఆవిడ కళ్లు తెరిచింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక తన ఇంటిని బయట్నుంచి చూడటం అదే మొదలు. నేను కూడా అటే చూశాను. గోడ సగం ఎర్రగా ఉంది, సగం పాత బూడిదరంగులో ఉంది, ఆవిడ పడిన చోటే అలుకు ఆగిపోయింది. వీధిలో అందరి గోడలకీ వంకలు పెట్టేదాన్ని, నా ఇంటి గోడ ఇలా ఉందని రోజూ ఆ గుమ్మంలోంచే తిరుగుతున్న నా కంటికి ఆననే లేదు.

"సగంలో ఒగ్గీసినాను," అంది అత్త మెల్లగా.

నేను వీధిలోకి దిగి, వాలు ఎక్కడిదాకా వస్తుందో సున్నంతో గీత పోసి చూపించాను. తోటల నుంచి అప్పుడే తిరిగొచ్చిన పైఇళ్లవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. ఇంజినీరమ్మే అర్జీ పెట్టుకుందంటే చూడకుండా ఉంటారా. తాత గీతని చూశాడు, మెట్లని చూశాడు.

"నాకు బానే ఉంది. కట్టీసుకోండి," అన్నాడు.

అంత తేలిగ్గా అంటాడని నేను అనుకోలేదు. "తాతా, నీ రేకు..." అని ఏదో అనబోయాను.

"రేకూ మనిసీ ఒకటేనేటే? జల్లు పడితే తుడుసుకుంటాను," అన్నాడు.

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జనం ముందు నేను ఏడవను, అందుకని సున్నం కళ్లల్లో పడిందని మొహం కడుక్కున్నాను. ఆ మాటకి నేనతనికి జన్మంతా ఋణపడి ఉంటాను. తిరిగివస్తుంటే అత్త గొంతు వినిపించింది.

"నాకొద్దు."

అందరం ఆవిడ వైపు తిరిగాం.

"ఆ గీత సూడండి, ఆ గుంట మెట్ల మీంచి పోతంది. అది ఎలగ దిగుద్ది మరి? నాకు దారేసి దానికి మూసెత్తారేటి?"

ఆ గుంట అంటే మా చిన్నత్త, అత్తకి తోడికోడలు. మా పక్కిల్లు ఆవిడది. జుట్టు తెల్లబడి మోకాళ్లు అరిగిన మనిషి. అత్తకి మాత్రం ఇప్పటికీ గుంటే, చిన్నపిల్లే. కానీ వాళ్లిద్దరి మధ్య మాటలు పోయి చాలా ఏళ్లయింది. ఎప్పుడో మామగారు, ఆయన తమ్ముడు కొండమీది పనసచెట్టు గురించి దెబ్బలాడుకుని, రెండిళ్ల మధ్య అరుగు మీద అడ్డంగా మట్టిగోడ పెట్టారు. చెట్టు తర్వాత గాలివానకి పడిపోయింది. అన్నదమ్ములు కూడా పోయారు. గోడ ఉండిపోయింది. ఇద్దరు ఆడవాళ్లూ గోడకి చెరోవైపూ అలుక్కుంటూ వచ్చారు. అవసరానికి మాట, పండక్కి ఒక గిన్నె కూర, అంతే.

అత్త ఇంకా మా ఇళ్ల వరసనే చూస్తోంది. ఆ కొసనుంచి ఈ కొసదాకా చూసింది. "నన్ను పెళ్లి సేసి తెచ్చినప్పుడు ఈ మెట్లెక్కించలేదు. పైకొసన అరుగెక్కించి, తలుపు తలుపు దగ్గరా ఆపుకుంటా తెచ్చేరు. అక్కడ ఎక్కడానికి ఏటుంది, గడప దాటినట్టు దాటీడమే. అరుగుండగా సిమెంటెందుకు?"

ఎదురింటి నుంచి చూస్తే ఎంత తేటగా కనిపించింది! మా గుమ్మంలో కూర్చుంటే పక్కనున్న గోడే కనిపిస్తుంది, ఇక్కడ్నుంచి అరుగు మొత్తం ఒక్క రోడ్డులా ఉంది. దాని మీద ఒకరు కట్టెలు పేర్చారు, ఒకరు కోళ్లగూడు పెట్టారు, ఒకరు మేకని కట్టేశారు. ఆ ఇళ్లవాళ్లు అక్కడే ఉన్నారు కదా, నేను నోరు తెరవకముందే, తీసేస్తామంటే తీసేస్తామన్నారు. వీళ్లందర్నీ ఏదో ఒకటి వద్దని ఆపినదాన్నే నేను. ఇన్నాళ్లూ వీళ్లు నన్ను భరించింది భయంతో కాదని అప్పుడు అర్థమైంది. నేను వాళ్ల ఇంటి పిల్లనని భరించారు.

ఇక మిగిలింది గోడ. తాత, మిగతా పెద్దలు దాని గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. గోడ పాతది. పాతదాన్ని తీయవచ్చా? సగం కొట్టి దారి పెడితే చాలా? వీధిలోంచి అది కనిపిస్తుందా, కనిపించదా? నేను నియమాలు వల్లిస్తున్నాను. ఇదంతా వీధికి ఇటు, తాత అరుగు మీదే. చిన్నత్త తన గుమ్మంలో కూర్చుని చేట్లో కందులు చెరుగుతోంది, మా మాటలన్నీ వినపడుతూనే ఉన్నాయి. చెరగడం ఆపింది. చేట తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

పెద్దలు లేచారు. అత్తని కుర్చీలో వెనక్కి తెచ్చాం. కళ్లు ఈసారి కూడా మూసుకునే ఉంది.

నాకు చిన్నత్త మీద ఒళ్లు మండిపోయింది. ముసలితనంలో ఒక మనిషి ఇంటికి దూరమైపోతుంటే, నడుమెత్తు మట్టిగోడ ఎక్కువైందా అని మా ఆయన దగ్గర ఎగిరాను.

"ఆ గోడ మా నానా, సిన్నానా కలిసే కట్టేరు తెలుసా?" అన్నాడాయన అన్నం తింటూ. "గొడవాడుకున్నదీ ఆల్లే, కట్టుకున్నదీ ఆల్లే. ఒకడు కడితే అవతలోడి వైపు జరుపుతాడేమోనని ఇద్దరూ కూకుని, తాడు పట్టి, మట్టి మెత్తుకున్నారు. మద్దెలో మాయమ్మే ఇద్దరికీ అంబలిచ్చింది."

నవ్వొచ్చింది, కోపం కాస్త తగ్గింది, దారి మాత్రం కనిపించలేదు. చిన్నత్త కాదంటే ఆ గోడ ముట్టుకునే హక్కు నాకు లేదు.

మర్నాడు పొద్దున్న పళ్లు తోముకుంటూ పెరట్లోంచి వచ్చేసరికి వాకర్ చప్పుడు వినిపించింది. అత్త అరుగు మీదికి వచ్చింది. గోడ దగ్గరికి వెళ్లి ఆగి, "సెల్లీ," అని పిలిచింది.

మళ్లీ పిలిచింది. చాలాసేపటికి అవతల తలుపు చప్పుడైంది. చిన్నత్త వచ్చి గోడకి అటువైపు నిలబడింది. నేను బ్రష్షు నోట్లోనే ఉంచుకుని గుమ్మంలో ఆగిపోయాను.

"ఎదురింటోల్లని అడిగేరు," అంది చిన్నత్త. "పైఇళ్లోల్లని అడిగేరు. కోళ్లగూడోల్లనీ, మేకోల్లనీ అడిగేరు. గోడ నాది. నన్నెవులడిగేరు?"

ఆ మాట నాకు చురుక్కుమని తగిలింది. నిజమే. మా వీధి పద్ధతిలో అడగాల్సింది ఎదురింటిని. పక్కింటిని అడగాలని ఎవరికీ తోచదు, పక్కింటివాళ్లకి మన ముఖం కనిపించదు కదా. అదే ఆలోచనలో అందరం వీధికి అటు కూర్చుని, ఆవిడ గోడ గురించి ఆవిడ ఎదురుగానే, ఆవిడ లేనట్టు మాట్లాడేశాం.

"నానడుగుతన్నాను," అంది అత్త. "ఆదివారం నా కొడుకొచ్చి నన్ను సీలేరు అట్టుకుపోతాడు. నాకెల్లాలని లేదే. ఆడితో సెప్పలేక నీ ఇష్టం అనీసినాను. ఇక్కడే ఉండాలనుంది నాకు. ఈ గోడ తీసీమని నిన్నడుగుతన్నాను."

ఇన్నాళ్లుగా కొడుకులకి చెప్పలేదు, నాకు చెప్పలేదు. తోడికోడలికి చెప్పింది. నాకు ఈర్ష్య కూడా కలిగిందేమో కాస్త. కానీ దానికంటే ఎక్కువ గుండె తేలికపడింది. ఆవిడ ఏం కోరుకుంటోందో ఇప్పటికి తెలిసింది.

చిన్నత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ముందే సెప్పొచ్చుగదప్పా," అంది, అక్కని కసిరినట్టు. లోపలికి వెళ్లి బిందెడు నీళ్లు తెచ్చి గోడ మీద కుమ్మరించింది.

మట్టిగోడని పగలగొట్టరు. తడుపుతారు. నీళ్లు తాగి మెత్తబడ్డాక పారతో కోస్తే ముద్దలుగా వస్తుంది. ఆ మట్టి మళ్లీ పనికొస్తుంది. ఆ పూట కాఫీతోటలకి వెళ్లాల్సినవాళ్లు కూడా ఆగిపోయారు. బిందెలు వచ్చాయి, పారలు వచ్చాయి. నేను కమిటీ తరఫున తాత దగ్గరికి వెళ్లి, పాత కట్టడం తీస్తున్నాం, నీ మాటేమిటని అడిగాను.

"గోడ లేకపోతే ఎలగుంటాదో సూడకుండా ఎలగ సెప్తాను? ముందు తియ్యండి, మరి సెప్తాను," అన్నాడు తాత. ఇలాంటి అనుమతి నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు. తీసేశాక తన అరుగు మీద కూర్చుని, చుట్ట ముట్టించి, ఈ కొసనుంచి ఆ కొసదాకా చూశాడు. "బాగుంది. అన్నదమ్ముల ఇళ్లలా ఉన్నాయి," అన్నాడు. అదే రాసుకున్నాను.

గోడ మట్టిని పారేయలేదు. ఇంటికీ ఇంటికీ మధ్య అరుగు పల్లమైన చోట్లలో నింపి, దిమ్మెస కొట్టి చదును చేశాం. మిగిలిన మట్టిలో ఎర్రమట్టి కలిపి చిన్నత్త మా గోడ మిగతా సగం అలికింది. అత్త కుర్చీలో కూర్చుని, గీతలు అటు కాదు ఇటు లాగమని, వేళ్లు మరీ దగ్గరగా పెట్టావని, పనంతా పాడు చేశావని సణిగింది. చిన్నత్త తనకి వచ్చినట్టే లాగింది. ఇప్పుడు మా గోడ మీద రెండు చేతుల గీతలున్నాయి, తెలిసినవాళ్లకి ఎక్కడ మారిందో కనిపిస్తుంది. కమిటీ దానికి అభ్యంతరం చెప్పలేదు. చెబితే నేను ఊరుకునేదాన్నీ కాదు.

శనివారం సాయంత్రం మరిది వచ్చాడు. అత్త అతనికి ఏమీ చెప్పలేదు. నేను చెప్పబోతే కళ్లతోనే ఆపింది. ఆదివారం పొద్దున్న లేచి బట్టలు సర్దమంది, సర్దాను. నాకు ఏమీ అర్థం కాలేదు. ఎంతైనా కొడుకు కదా, ఆడవాళ్ల మనసు అలా ఉంటుంది, నడక దొరికింది కనక వెళ్లి కొన్నాళ్లుంటానని అనుకుందేమో. చీరలు మడతపెట్టాను. చుట్టలు కూడా పెట్టాను, అక్కడ దొరకవేమోనని.

కారు మా వీధిలోకి దిగదు, పైకొసనే ఆపాలి. మరిది ఒక చేత్తో సంచి పట్టుకుని, రెండో చేత్తో తల్లిని ఎత్తుకోబోయాడు.

"మొయ్యకు. పద, నానొస్తాను," అంది.

వాకర్ ఎత్తిపెట్టుకుంటూ బయల్దేరింది. మా గుమ్మం, చిన్నత్త గుమ్మం, ఆపైన వరసగా అన్ని గుమ్మాలూ. ఎక్కడికక్కడ మనుషులు తలుపుల్లో నిలబడి ఉన్నారు. ఒకరింట్లో ఉప్మా మాడుతోందని చెప్పింది. ఇంకొకరి కోడల్ని చూసి చిక్కిపోయావంది. టైల్సాయన ఇంట్లోకి తొంగి చూసి, ఆ స్నానాలగదేదో చూపించమంది. మరిది ఓపిగ్గా వెనకే నడిచాడు. ఎండ వీధిలోకి దిగేదాకా పట్టింది ఆ నడక. ఆవిడ నోరు మళ్లీ వింటున్నందుకు నాకు ఆనందం, ఆ నోరు కారెక్కి వెళ్లిపోతుందని దుఃఖం, రెండూ ఒక్కసారే.

పైకొసన అరుగు మీంచి నేల మీదికి అడుగు పెట్టింది. పడిపోయిన రోజు తర్వాత తన కాళ్లతో వీధి నేల తొక్కడం అదే మొదటిసారి. మరిది ముందుకు పరిగెత్తి కారు తలుపు తీసి పట్టుకున్నాడు. అత్త దగ్గరికి వెళ్లి, ఆ తలుపు మీద చెయ్యి వేసి మెల్లగా మూసేసింది.

"నానెక్కడానికి రాలేదు నాయినా. నిన్ను సాగనంపడానికొచ్చినాను. సూసినావు కదా, నడిసే ఒచ్చేను. బేగి ఎల్లు, ఘాట్లో సీకటడిపోద్ది."

మరిది ఆవిడ వంక చూశాడు, పొడుగ్గా ఉన్న అరుగు వంక చూశాడు, నా వంక చూశాడు. నేను ప్రమాణం చేసి చెప్తున్నాను, నాకూ అప్పుడే తెలిసింది. అతను తల్లి భుజం మీద మొహం పెట్టుకున్నాడు. ఆవిడ ఒక చేత్తో వాకర్ పట్టుకుని రెండో చేత్తో అతని వీపు నిమిరింది. తర్వాత అతను సంచి నా చేతికిచ్చి కారెక్కాడు.

కారు మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా ఆవిడ రోడ్డు పక్కన నిలబడే ఉంది.